పన్ను రసీదు ఉంటే ఇల్లు మనదేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన వారం ఒక పెద్దాయన మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో పాలిథిన్ కవరు, అందులో రబ్బరు బ్యాండు వేసిన ఇంటి పన్ను రసీదుల కట్ట. "ఇరవై రెండేళ్లుగా ఒక్క అర్ధ సంవత్సరం కూడా బాకీ పెట్టలేదమ్మా. అయినా బ్యాంకు వాళ్లు లోను కుదరదంటున్నారు" అన్నారు. రిజిస్టరు దస్తావేజు ఏదండీ అని అడిగాను. "అది లేదు, అగ్రిమెంటు ఉంది. కానీ పన్ను కడుతున్నాం కదా!"

విజయవాడలో సివిల్ కేసులు చూస్తూ, ఇళ్ల కాగితాలకు లీగల్ ఒపీనియన్ రాస్తూ బతుకుతున్నదాన్ని. "పన్ను కడుతున్నాం కదా" అన్న మాట నేను వినని వారం లేదు. సింగ్‌నగర్ వాళ్లు అంటారు, గుణదల కొండ మీద వాళ్లు అంటారు, కాలువ కట్టల మీద వాళ్లు అంటారు, అపార్ట్‌మెంట్లలో ఉండే ఉద్యోగస్తులూ అంటారు. ఈ ఒక్క నమ్మకం వల్ల జనం పోగొట్టుకున్నంత డబ్బు మిగతా అపోహలన్నీ కలిపినా పోగొట్టుకోలేదని నా ఉద్దేశం. అందుకే ముందు దీని సంగతే చెబుతాను.

అపోహ: ఇంటి పన్ను మన పేరున వస్తే ఇల్లు, స్థలం మనవే.

వాస్తవం: కాదు. అక్కడ ఒక ఇల్లు లేచింది కాబట్టి కార్పొరేషన్ పన్ను వేస్తుంది. ఆ ఇంటి ముందు రోడ్డు ఊడవాలి, డ్రెయిన్ తీయాలి, వీధి దీపం వెలగాలి, దానికి డబ్బు కావాలి. ఇంట్లో ఎవరుంటే వాళ్ల పేరు రాసుకుని డిమాండ్ నోటీసు ఇస్తారు. ఆ స్థలం మీకెలా వచ్చింది, మీకు అమ్మినాయనకు అమ్మే హక్కు ఉందా లేదా అన్నది తేల్చే అధికారం పన్ను వేసేవాళ్లకు లేదు. పన్ను పుస్తకంలోనో రెవెన్యూ రికార్డులోనో పేరు మారినంత మాత్రాన యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది.

2021 నుంచి ఈ అపోహ ఇంకా ముదిరింది. అంతకుముందు ఇంటికి ఏడాదికి ఎంత అద్దె వస్తుందో లెక్కగట్టి పన్ను వేసేవారు. 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువ మీద, అంటే రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే మార్కెట్ విలువను పట్టి వేస్తున్నారు. "స్థలం విలువ కూడా లెక్కగట్టి పన్ను తీసుకుంటున్నారంటే స్థలం మాదని ఒప్పుకున్నట్టే కదా మేడమ్" అని అడుగుతున్నారు. లెక్కగట్టే పద్ధతి మారింది, అంతే. హక్కు సంగతి ఎక్కడుందో అక్కడే ఉంది.

2024 వరదల తర్వాత చూసింది చెబుతాను. ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన వానకు, బుడమేరు డైవర్షన్ ఛానల్‌కు పడ్డ గండ్లకు అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ అన్నీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక మేం కొందరం లాయర్లం అటు వెళ్లాం. డాబాల మీద బట్టలతో పాటు కాగితాలు ఆరేసి ఉన్నాయి. ఒకావిడ ముద్దయిపోయిన రిజిస్టరు దస్తావేజును ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. కాగితం పోయింది కాబట్టి ఇల్లూ పోయిందనుకుంది. పక్కింటావిడ మాత్రం ధైర్యంగా ఉంది. నీళ్లు గుమ్మం ఎక్కుతుంటేనే పన్ను రసీదులన్నీ కవర్లో చుట్టి అటక మీద పెట్టిందట. "మావి ఒక్కటి కూడా తడవలేదమ్మా" అని చూపించింది.

ఏడుస్తున్నావిడ దగ్గర కూర్చుని చెప్పాను. అమ్మా, నీ ఇల్లు ఎక్కడికీ పోలేదు. రిజిస్టరైన ప్రతి దస్తావేజూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రికార్డులో ఉంటుంది. నంబరు, సంవత్సరం తెలిస్తే సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. నంబరు గుర్తు లేకపోతే ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే పత్రం, తీస్తే దొరుకుతుంది. ఆ నెలాఖరుకే ఆమెకు కాపీ వచ్చింది. రెండో ఆవిడ రసీదులు చూశాక మాత్రం నాకు నోట మాట రాలేదు. ఆ ఇల్లు నోటరీ అగ్రిమెంటు మీద కొన్నది. కింద స్థలం ప్రభుత్వానిది. పదిహేడేళ్ల రసీదులు భద్రంగా ఉన్నాయి, వాటిలో ఒక్కటి కూడా ఆమెకు హక్కు ఇవ్వదు. ఆ రోజు ఆ మాట చెప్పలేకపోయాను. ఇంట్లో బురద ఇంకా కడగలేదు. పది రోజుల తర్వాత వెళ్లి చెప్పాను.

నోటరీ అంటే చాలామందికి రిజిస్ట్రేషన్‌తో సమానం. పచ్చ స్టాంపు, ఎర్ర ముద్ర చూసి నమ్ముతారు. ఫలానా మనిషి నా ముందు సంతకం పెట్టాడని చెప్పడం వరకే నోటరీ పని. రూ. 100, ఆపైన విలువ చేసే స్థిరాస్తి ఏదైనా సరే అమ్మకం రిజిస్టరు కావాల్సిందే. వంద రూపాయలకు ఈ రోజుల్లో అడుగు నేల కూడా రాదు, కాబట్టి ఏ ఇల్లయినా రిజిస్టరు కావాలి. "స్వాధీన హక్కులు అమ్ముతున్నాను" అని రాసే కాగితాలు కొండ ప్రాంతాల్లో, కట్టల మీద చేతులు మారుతూనే ఉంటాయి. అమ్మినవాడికి లేని హక్కు మీకు రాదు.

మా మేనమామ ఇలాగే కొన్నాడు. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. కాలువ కట్ట పక్కన రెండు గదుల ఇల్లు, పిల్లల చదువుల కోసం ఊళ్లో ఎకరం అమ్మి వచ్చిన డబ్బు. అమ్మినవాడు పన్ను కాగితం మీద పేరు మార్పించి ఇస్తానన్నాడు, అన్నట్టే మార్పించాడు. ఆ కాగితానికి పసుపు రాసి దేవుడి పటం వెనక పెట్టుకున్నాం. తొమ్మిదేళ్ల తర్వాత ఖాళీ చేయమని నోటీసు వచ్చినప్పుడు మామయ్య ఆ కాగితమే తీసుకుని అందరి చుట్టూ తిరిగాడు. నేను లా చదవడానికి అదొక కారణం. కొనేముందు ఒక్కరికి కాగితాలు చూపించి ఉంటే ఆ ఎకరం డబ్బు నిలిచేది.

మరి రసీదులు ఎందుకూ పనికిరావా? పనికొస్తాయి, పారేయకండి. మీరు ఎప్పటి నుంచి ఆ ఇంట్లో ఉంటున్నారో చెప్పడానికి మంచి ఆధారం. ఆక్షేపణ లేని ప్రభుత్వ స్థలాల్లో ఇళ్లు కట్టుకున్న పేదలకు పట్టాలిచ్చే జీవోలు ప్రభుత్వం అప్పుడప్పుడు తెస్తుంది. ఫలానా తేదీ కంటే ముందే మేం ఇక్కడ ఉన్నామని చూపడానికి పన్ను రసీదు, కరెంటు బిల్లే కావాలి. అయితే కాలువ గట్లు, చెరువులు, రోడ్డు మార్జిన్లు ఆక్షేపణ ఉన్న స్థలాల కిందకు వస్తాయి. అక్కడ ఎన్ని రసీదులున్నా దారి దొరకడం కష్టం.

అపోహ: పెనాల్టీ వేసి పన్ను కట్టించుకుంటున్నారు, కాబట్టి పైఅంతస్తు రెగ్యులరైజ్ అయినట్టే.

ప్లాన్ లేకుండా కట్టినా, ప్లాన్‌కు మించి కట్టినా పన్ను మీద 100 శాతం వరకు పెనాల్టీ వేస్తారు. ఆ పెనాల్టీ కట్టినంత మాత్రాన కట్టడం సక్రమమైనట్టు కాదని చట్టంలోనే రాసి ఉంది. రెగ్యులరైజ్ చేసే పథకం వేరు, దాని పేరు బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్). 2007లో, 2015లో, 2019లో వచ్చింది. ఒక్కోసారి ఒక్కో కటాఫ్ తేదీ. అది కూడా ప్లాన్ ఉల్లంఘనలకే గానీ స్థలం హక్కుకు కాదు, ప్రభుత్వ స్థలంలో కట్టినదానికి అసలు వర్తించదు. రెండేళ్లు పెనాల్టీ కట్టి, ఇక ఏ భయమూ లేదని మూడో అంతస్తు వేసినవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి.

అపోహ: పన్నెండేళ్లు ఉంటే స్థలం మనదైపోతుంది.

పన్నెండేళ్ల లెక్క ప్రైవేటు స్థలానికి. ప్రభుత్వ స్థలానికి, పబ్లిక్ రోడ్డుకు 30 ఏళ్లు. ఏళ్లు గడిస్తే సరిపోదు, అసలు యజమానికి తెలిసేలా, అతని హక్కును కాదంటూ ఉన్నారని కోర్టులో రుజువు చేయాలి. అద్దెకు దిగినవాళ్లు, బంధువులు ఉండమంటే ఉన్నవాళ్లు నలభై ఏళ్లున్నా ఆ లెక్కలోకి రారు.

అపోహ: కౌన్సిల్‌లో తీర్మానం అయింది, ఇక పట్టాలు వచ్చేసినట్టే.

విజయవాడలో 64 డివిజన్లున్నాయి. ఏదో ఒక డివిజన్ నుంచి ఈ పుకారు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. వాట్సాప్‌లో తీర్మానం కాగితం ఫొటో తిప్పుతారు, మర్నాటికి ఆ బజారులో ఇళ్ల ధర పెంచి అడ్వాన్సులు తీసుకుంటారు. ఇది చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. నష్టపోయేది కూలి డబ్బు కూడబెట్టినవాళ్లు. ప్రభుత్వ భూమికి పట్టా ఇచ్చేది రెవెన్యూ శాఖ, తహశీల్దారు సంతకంతో. కౌన్సిల్ ఇళ్లపట్టాలివ్వమని ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానం చేయగలదు, అంతవరకే. అలాగే ప్లాన్ మంజూరు చేసే అధికారం కార్పొరేటర్‌కు లేదు. "కట్టుకో, నేను చూసుకుంటా" అన్న మాట ఏ కోర్టులోనూ నిలవదు. తీర్మానంలో అసలేముందో తెలియాలంటే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

అపోహ: బుడమేరు దగ్గర ఇళ్లన్నీ రాత్రికి రాత్రే కొట్టేస్తారు.

వరదల తర్వాత ఈ భయంతో నిద్రపోనివాళ్లు నాకు తెలుసు. ఆ ప్రాంతంలో ఇల్లు ఉన్నంత మాత్రాన ఆక్రమణ అయిపోదు. రిజిస్టరైన సొంత స్థలంలో, ప్లాన్‌తో కట్టుకున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ముందు మీ సర్వే నంబరు చూసుకోండి. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా, మీ వాదన వినకుండా కట్టడం కూల్చకూడదు. కానీ పూర్తిగా చెప్పాలి కదా: రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను, నది, నీటి వనరుల్లో ఉన్న అనధికార కట్టడాలకు, కోర్టే కూల్చమన్నవాటికి ఆ రక్షణ లేదు. నోటీసు అందితే చించేయకండి, తీసుకోకుండా తిప్పి పంపకండి. తేదీ వేసి సంతకం పెట్టి తీసుకోండి. జవాబిచ్చే గడువు అందులోనే ఉంటుంది.

అపోహ: నాన్న పోయాక అన్నయ్య పన్ను తన పేరున మార్పించుకున్నాడు, నా వాటా పోయింది.

పోలేదమ్మా. పన్ను పేరు మారితే ఆస్తి మారదని పైన చెప్పింది ఇక్కడ మీకు మేలు చేస్తుంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోతే నాన్నగారి స్వార్జితంలో అమ్మకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు సమాన వాటా. పిత్రార్జితంలోనూ ఆడపిల్లలకు హక్కు ఉంది. మన రాష్ట్రంలో 1985 నుంచే ఆ చట్టం వర్తించింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. ఈసీ తీసి చూడండి. అన్నయ్య ఆస్తిని ఎవరికీ రిజిస్టరు చేయలేదని తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మిగతా సగానికి అన్నయ్యతో కూర్చుని మాట్లాడండి, వీలుకాకపోతే పార్టిషన్ దావా, అంటే ఆస్తి పంచమని కోరే కేసు ఉంది.

మిగతావి త్వరగా చెబుతాను. కొత్త పద్ధతిలో పన్ను ఒకేసారి రెట్టింపవుతుందన్నది నిజం కాదు, ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి ఉంది. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం తగ్గింపు, బాకీ పెడితే నెలకు 2 శాతం వడ్డీ. చెత్త పన్ను 2024 చివర్లో రద్దయింది, ఎవరైనా అడిగితే కట్టకండి. రోడ్డు విస్తరణలో గోడ మీద ఎర్ర గీత పెట్టగానే స్థలం పోయినట్టు కాదు. స్థలం ఇస్తే టీడీఆర్ బాండు (పోయిన స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు పత్రం) గానీ పరిహారం గానీ అడిగే హక్కు ఉంది, రాతపూర్వకంగా అడగండి.

కొనేముందు ఏం చూడాలని అందరూ అడుగుతారు. కనీసం 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల నుంచి వరసగా వచ్చిన దస్తావేజులు. ఈసీ; 1983 నుంచి కంప్యూటర్‌లో దొరుకుతుంది, అంతకుముందుది ఆఫీసులో మాన్యువల్‌గా వెతికించాలి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో ఉందేమో. డీ పట్టానా (ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి), దేవాదాయ భూమా, వక్ఫ్ భూమా. మంజూరైన ప్లాన్. వీటన్నిటి తర్వాత చివర్లో పన్ను రసీదు, అదీ బాకీలు లేవని తెలుసుకోవడానికి.

మొదట చెప్పిన పెద్దాయనకు ఈసీ తీయించాను. అదృష్టం, అది ప్రైవేటు స్థలమే, 22ఏలో లేదు. ఆయనకు అగ్రిమెంటు రాసిచ్చినాయన చనిపోయారు గానీ కొడుకు గన్నవరంలో ఉన్నాడు. పూర్తి డబ్బు ముట్టినట్టు అగ్రిమెంటు వెనక రాసి ఉంది. వారసులందరూ వచ్చి సంతకం పెడితే ఇప్పుడైనా రిజిస్టరు చేయించుకోవచ్చు. ఆదివారం ఇద్దరం వెళ్లి ఆ అబ్బాయితో మాట్లాడబోతున్నాం.