లేత రంగుల గోళ్ళు: ఎండాకాలపు అపోహలు, నా బల్ల దగ్గర తేలిన వాస్తవాలు

ఉగాది వెళ్ళిందంటే ఒడిశాలోని బరంపురంలో మా పార్లర్‌కి వచ్చే ఆడపిల్లల మాట మారిపోతుంది. పెళ్ళిళ్ళకి వేయించుకున్న ఎరుపులు, మెరూన్లు పక్కకి పోతాయి. "అక్కా, ఐస్‌క్రీమ్ రంగులున్నాయా?" అని అడుగుతారు. పుదీనా పచ్చ, లేత గులాబి, లావెండర్, వెన్న పసుపు, పీచ్. రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతర వస్తుంది కదా, ఆ ఏడైతే నాకు అన్నానికి లేచే తీరిక కూడా ఉండదు.

ఇవి ఇంట్లో వేసుకోలేని రంగులేం కావు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఇంట్లో ఒకసారి వేసుకుని, అది చెడిపోయి, "ఇది నాకు రాదులే" అనుకుని వచ్చినవాళ్ళే. వాళ్ళ చేతిలో లోపం లేదు. ఎక్కడో విన్న మాట నమ్మి తొందరపడ్డారు, అంతే. ముదురు రంగు తొందరని దాచేస్తుంది, లేత రంగు దాచదు. పద్నాలుగేళ్ళుగా ఈ బల్ల ముందు కూర్చుని వింటున్న మాటల్లో కొన్నిటికి ఇక్కడ జవాబు చెబుతాను.

అపోహ: నల్లగా ఉన్నవాళ్ళకి లేత రంగులు నప్పవు.

ముందు దీన్నే తీసెయ్యాలి. ఇది గోళ్ళ గురించిన మాట కాదు, మనిషిని చిన్నబుచ్చే మాట. ఒకసారి కాలేజీ అమ్మాయి వాళ్ళ పిన్నితో వచ్చి లావెండర్ సీసా పట్టుకుంది. "మన రంగుకి అవేటమ్మా, మెరూన్ వేయించుకో" అంది పిన్ని. ఆ పిల్ల సీసా కింద పెట్టేసి చెయ్యి చున్నీలో దాచుకుంది. నేను ఒక్క గోరుకి లావెండర్ వేసి, గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకెళ్ళి చూపించాను. తర్వాత పది గోళ్ళకీ అదే వేయించుకుని వెళ్ళింది.

వాస్తవం: ముదురు చాయ మీద లేత రంగు మరింత ఎత్తి కనిపిస్తుంది, నల్లరేగడి చేలో విచ్చిన పత్తిలా. నప్పకపోవడం అనేది ఎక్కడొస్తుందంటే, తెలుపు మరీ ఎక్కువైన షేడ్‌తో. అది వేలికొనకి సున్నం అంటినట్టు ఉంటుంది. అలాంటప్పుడు అదే రంగులో ఒక మెట్టు చిక్కటిది తీసుకోండి. పీచ్, పుదీనా పచ్చ, లావెండర్ మనలో చాలామందికి బాగుంటాయి. కొనే ముందో, పది గోళ్ళకీ వేసే ముందో ఒక పని చెయ్యండి: పారదర్శకమైన సెల్లో టేపు ముక్క మీద పాలిష్ వేసి, ఆరాక గోరు మీద పెట్టి, వరండాలో పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద చూసి తీర్పు చెప్పొద్దు.

అపోహ: ఒక్కో రంగుకి ఒక్కో సీసా కొనాల్సిందే.

వాస్తవం: పేస్టల్ అంటే తెలుపు కలిసిన రంగు. ఇంట్లో ఒక మంచి తెల్ల పాలిష్, ఒక గులాబి, ఒక నీలం, ఒక పసుపు ఉంటే చాలు. అల్యూమినియం ఫాయిల్ ముక్క మీద పది చుక్కలు తెలుపు, ఒక్క చుక్క రంగు వేసి అగ్గిపుల్లతో నెమ్మదిగా కలపండి. సరిపోకపోతే ఇంకో చుక్క. ఎప్పుడైనా తెలుపులోకి రంగు వెయ్యాలి గానీ, రంగులోకి తెలుపు పోసుకుంటూ పోతే సీసా ఖాళీ అవుతుంది. లావెండర్‌కి చాలామంది ఎరుపు, నీలం కలుపుతారు, అది బూడిద రంగుకి తిరుగుతుంది. ఎరుపు బదులు గులాబి తీసుకోండి, శుభ్రమైన లావెండర్ వస్తుంది. కలిపింది ఫాయిల్ మీద త్వరగా చిక్కబడుతుంది కాబట్టి ఒక చేతికి సరిపడా మాత్రమే కలుపుకోండి.

తెల్ల పాలిష్‌లో వంటల రంగు, పిల్లల వాటర్ కలర్ కలపమని చెప్పేవాళ్ళున్నారు. కలవదు. పాలిష్ ద్రావకాలతో చేసింది, అవి నీళ్ళతో చేసినవి. గడ్డలు కట్టి కూర్చుంటుంది. అక్రిలిక్ పెయింట్ మాత్రం ఆరిన పాలిష్ మీద ముగ్గులా గీసుకోవడానికి చక్కగా పనికొస్తుంది, పైన టాప్ కోట్ (చివర వేసే రంగులేని మెరుపు పూత) వేస్తే నిలుస్తుంది.

అపోహ: చారలు పడుతున్నాయంటే చెయ్యి తిరగలేదని.

వాస్తవం: లేత పాలిష్‌ల్లో తెలుపు కోసం వేసే పదార్థం టైటానియం డయాక్సైడ్. అది బరువైన పొడి, సీసా అడుక్కి దిగిపోతుంది, కుంచె వెళ్ళిన దారంతా గీతలు చూపిస్తుంది. ఎవరు వేసినా మొదటి పూత చారలుగానే వస్తుంది, నేను వేసినా అంతే. ఆ చారలు చూసి కంగారుపడి వెంటనే దాని మీదే ఇంకొంచెం పులిమితే కింది పూత లేచిపోతుంది. ఇంట్లో చెడిపోయే గోళ్ళలో ఎక్కువ భాగం ఆ ఒక్క క్షణంలోనే చెడిపోతాయి.

సీసాని రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పి, అడుగునున్న తెలుపు కలిసిందా లేదా చూసుకోండి. కుంచెకి ఒక వైపు పాలిష్ సీసా మూతికి తుడిచెయ్యండి. గోరు మధ్యలో ఒక గీత, అటూ ఇటూ ఒక్కోటి, మొత్తం మూడే. చర్మాన్ని తాకకుండా వెంట్రుకవాసి వదలండి. గోరు అంచు మీద కూడా కుంచె ఒకసారి లాగితే కొన దగ్గర ఊడదు. మొదటి పూత అందవికారంగా ఉన్నా వదిలెయ్యండి. రెండు మూడు నిమిషాలు ఆగి రెండోది. చాలా లేత రంగులకి మూడోది కూడా కావాలి. మూడు పల్చటి పూతలు ఒక మందపాటి పూత కంటే ముందే ఆరతాయి, నమ్మండి.

బేస్ కోట్ (రంగుకి ముందు వేసే రంగులేని పూత) పార్లర్ వాళ్ళ డబ్బుల కోసం పెట్టిందని మా వీధిలో ఒకావిడ గట్టిగా అంటారు. దానికి రెండు పనులున్నాయి: పాలిష్‌ని గోటికి పట్టించడం, ముదురు రంగులు గోటిలోకి దిగి పసుపు మరక చెయ్యకుండా ఆపడం. ఇంతకు ముందు ఎరుపులు వేసి పచ్చబడ్డ గోళ్ళ మీద లేత గులాబి ఎంత వేసినా మాసినట్టే ఉంటుంది. కాబట్టి బేస్ కోట్ మానొద్దు.

అపోహ: ఐస్ నీళ్ళలో ముంచితే, ఫ్యాన్ కింద పెడితే పాలిష్ వెంటనే ఆరిపోతుంది.

వాస్తవం: పాలిష్ ఆరడమంటే అందులోని ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాలు గాలిలో కలిసిపోవడం. చల్లటి నీళ్ళు పై పొరని కాస్త బిగిస్తాయి, లోపలి ద్రావకాన్ని బయటికి లాగవు. పైన గట్టిగా, లోపల మెత్తగా ఉన్న రంగు తలుపు గొళ్ళెం తగిలినా జారిపోతుంది. ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో సరిగ్గా దాని కింద కూర్చుంటే పైన తోలు కట్టి, లోపల చిక్కుకున్న ద్రావకం బుడగలుగా లేస్తుంది. గోపాలపూర్ సముద్రపు గాలి వచ్చే మన ఊళ్ళో ఉక్కకి ఫ్యాన్ లేకుండా కూర్చోలేం, నిజమే. ఫ్యాన్ తక్కువలో పెట్టి కొంచెం పక్కకి కూర్చోండి.

తాకితే అంటకపోవడం వేరు, గట్టిపడడం వేరు. మొదటిది పది పదిహేను నిమిషాల్లో అవుతుంది, రెండోదానికి గంటలు పడుతుంది. అందుకే రాత్రి వేసుకుని పడుకుంటే పొద్దున గోళ్ళ మీద దుప్పటి నేత అచ్చు పడుతుంది. నేనైతే మధ్యాహ్నం చెబుతాను. పఖాళొ (నీళ్ళు పోసిన చద్దన్నం) తిని, గిన్నెలు కడగడం అయిపోయాక, బయట ఎండకి ఎవరూ కదలని ఆ రెండు గంటలు దీనికి సరైన సమయం. వేసుకునే ముందు చేతులు నీళ్ళలో నానబెట్టకండి. గోరు నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ఆ మీద వేసిన రంగు గోరు ఆరి సర్దుకున్నాక పగులుతుంది.

డిజైన్ల సంగతి. సామాన్లు కొనకపోతే నెయిల్ ఆర్ట్ రాదనేది కూడా అపోహే. జడపిన్ను కొన, సిరా అయిపోయిన బాల్ పెన్ను మొన చుక్కలు పెట్టడానికి చాలు. ఐదు చుక్కలు గుండ్రంగా, మధ్యలో పసుపు చుక్క పెడితే పువ్వు. స్పాంజి ముక్క మీద రెండు రంగులు పక్కపక్కనే రాసి గోటికి అద్దితే పీచ్ నుంచి గులాబికి జారే సాయంకాలపు ఆకాశం వస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైంది మన బరంపురం పట్టు అంచు. చీర అంచులో ఫోడా కుంభ ఉంటుంది చూడండి, రంపపు పళ్ళలా గుడి గోపురాల వరుస. ఆ చీరలు నేసే ఇళ్ళలో తెలుగు మూలాలున్న దేరా అనే నేత కులం వాళ్ళు ఎందరో ఉన్నారు, చిన్నప్పుడు ఆ మగ్గాల పక్కనే ఆడుకున్నాను. లేత పసుపు గోటి కొసకి పీచ్ రంగులో మూడు చిన్న త్రికోణాలు దించితే చాలు, ఏ చీర కట్టినా జోడీ కుదురుతుంది. త్రికోణాలకి టేపు అంటించేవాళ్ళు కింది రంగు పూర్తిగా గట్టిపడే దాకా, వీలైతే మర్నాటి దాకా ఆగండి. లేకపోతే టేపుతో పాటు రంగూ వస్తుంది.

అపోహ: గోరింటాకు పెట్టుకున్న గోళ్ళ మీద లేత రంగు వెయ్యకూడదు.

వాస్తవం: వేసుకోవచ్చు. గోరింటాకులోని లాసోన్ అనే రంగు గోటిలోని కెరటిన్ అనే ప్రోటీన్‌కి అతుక్కుంటుంది, రిమూవర్‌తో పోదు, గోరు పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది. ఆ నారింజ రంగు మీద పుదీనా పచ్చ వేస్తే బురద రంగుగా కనిపిస్తుంది, అందుకే జనం నప్పదనుకున్నారు. ముందు ఒక పూత తెలుపు వెయ్యండి, లేదా గోరింటాకుతో కలిసిపోయే పీచ్ ఎంచుకోండి.

జూన్ మధ్యలో వచ్చే రజొ పండక్కి ఇంకో ప్రశ్న ఉంటుంది: అలత (పాదాలకి పెట్టే ఎర్ర పారాణి) ముందా, పాలిష్ ముందా? పాలిష్ ముందు. పండక్కి ముందురోజైన సజబజ నాడే గోళ్ళ పని ముగించి, టాప్ కోట్ వేసి, మర్నాడు పొద్దున అలత పెట్టుకోండి. అలత గోటి మీదికి పాకితే వెంటనే తడి దూదితో తుడవండి. ఆడపిల్లలకి వంటపని లేని మూడు రోజులు, ఉయ్యాలలూగే మూడు రోజులు కాబట్టి ఏడాది మొత్తంలో పాలిష్ ఎక్కువ నిలిచేది అప్పుడే.

అపోహ: టాప్ కోట్ వేస్తే పసుపు మరక పట్టదు.

వాస్తవం: పడుతుంది. చేత్తో కలుపుకుని తినేవాళ్ళం, పప్పులో పులుసులో పసుపుంటుంది. పసుపులోని కర్క్యుమిన్ టాప్ కోట్‌ని కూడా రంగు మారుస్తుంది. ఆవకాయ కలిపే రోజుల్లో అయితే చెప్పక్కర్లేదు, నూనె, కారం, ఆవపిండి అన్నీ కలిసి లేత గులాబిని ఒక్క పూటలో నారింజ చేస్తాయి. పైగా పెచ్చులూడితే జాడీలో పడుతుంది. ఆవకాయ పెట్టడం అయ్యాకే గోళ్ళు వేసుకోండి, ఈ విషయంలో నా మాట వినండి. మామూలు భోజనం మరకకి కంగారొద్దు. కర్క్యుమిన్ ఎండకి వెలిసిపోయే రంగు, చాలాసార్లు పగటి వెలుతురులోనే తగ్గిపోతుంది. రెండు మూడు రోజులకోసారి టాప్ కోట్ కొత్తగా వేస్తే మెరుపూ తిరిగొస్తుంది.

మరక పోవడానికి నిమ్మచెక్క రుద్దే అలవాటు మాత్రం మానుకోవాలి. నేనూ ఒక మే నెలలో రుద్దుకుని, చెయ్యి కడుక్కోకుండా బజారుకెళ్ళాను. రెండు రోజులకి వేళ్ళ మీద మంట, బొబ్బ, తర్వాత నల్లమచ్చలు. అవి పోవడానికి వారాలు పట్టింది. నిమ్మరసంలోని కొన్ని పదార్థాలు ఎండతో కలిసి చర్మాన్ని కాలుస్తాయని డాక్టరుగారు చెబితే అప్పుడు తెలిసింది. ఎండాకాలంలో నిమ్మ గోళ్ళ దగ్గరికి రానివ్వకండి.

అపోహ: గోళ్ళకి ఊపిరాడాలి, అందుకే మధ్యలో విరామం ఇవ్వాలి.

వాస్తవం: పైకి కనిపించే గోరు నిర్జీవమైన కెరటిన్. దానికి పోషణ లోపలి రక్తం నుంచి, వేరు దగ్గర అందుతుంది. విరామం మంచిదే, కానీ కారణం వేరు: పదేపదే రిమూవర్ తగిలి గోరు ఎండిపోతుంది. రాత్రి ఒక చుక్క కొబ్బరినూనె రాస్తే ఆ పొడితనం తగ్గుతుంది. చేతిగోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొదలు నుంచి కొసకి రావడానికి దాదాపు ఆరు నెలలు. అంటే ఇవాళ వేరు దగ్గర చేసిన గాయం దసరాకి కూడా కనిపిస్తూ ఉంటుంది. గోటి మీద తెల్ల మచ్చలు కూడా చాలావరకు ఇలాంటి చిన్న దెబ్బల గుర్తులే, కాల్షియం లోపం కాదు. గోటి మొదట్లో ఉన్న పల్చటి చర్మాన్ని కత్తిరించేవాళ్ళకీ ఇదే చెబుతాను. అది సూక్ష్మజీవుల్ని ఆపే తలుపు. స్నానం అయ్యాక తువ్వాలుతో మెల్లగా వెనక్కి తోస్తే చాలు.

అపోహ: ఆన్‌లైన్‌లో జెల్ (దీపం వెలుతురుకి గట్టిపడే పాలిష్) కిట్, చిన్న యూవీ దీపం కొనుక్కుంటే పార్లర్ పని ఇంట్లోనే అయిపోతుంది.

దీని దగ్గర నాకు భయం. ఒక పెళ్ళికూతురు వేళ్ళ చుట్టూ దురద, పొక్కులతో వచ్చింది. చవక కిట్, లేత గులాబి జెల్, నెల రోజులు వారం వారం వేసుకుందట. గోళ్ళు కొన్ని వేలి నుంచి విడిపోతున్నాయి. నేను ముట్టుకోకుండా చర్మ వైద్యుల దగ్గరికి పంపాను.

వాస్తవం: జెల్‌లో ఉండే అక్రిలేట్లు అనే రసాయనాలు దీపం కింద పూర్తిగా గట్టిపడకపోయినా, చర్మానికి అంటుకున్నా అలర్జీ తెచ్చిపెట్టగలవు. ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పళ్ళ డాక్టర్లు వాడే కొన్ని పదార్థాలూ ఇదే కుటుంబానివి, కాబట్టి ఇబ్బంది గోళ్ళతో ఆగకపోవచ్చు. పేస్టల్ జెల్‌లో తెలుపు ఎక్కువ కాబట్టి వెలుతురు లోపలికి దిగడం ఇంకా కష్టం. హెమా అనే అక్రిలేట్‌ని గోళ్ళ ఉత్పత్తుల్లో ప్రొఫెషనల్స్ మాత్రమే వాడాలని యూరోపియన్ యూనియన్ 2020లో నిబంధన తెచ్చింది. జెల్‌ని గట్టిపరిచే టీపీఓ అనే పదార్థాన్ని 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో పూర్తిగా నిషేధించింది. ఇంట్లో సరదాకి మామూలు పాలిష్ చాలు. ఎండాకాలమంతా వారానికో రంగు మార్చుకోవచ్చు కూడా.

చిక్కబడ్డ సీసాలో రిమూవర్ పోయకండి, పాలిష్ పట్టు పోతుంది. నెయిల్ పాలిష్ థిన్నర్ అని అడిగి కొని రెండు మూడు చుక్కలు వెయ్యండి. సీసా మూతి తుడిచి బిగించి, ఎండ తగలని అల్మారాలో పెడితే అసలు ఆ అవసరమే తక్కువ పడుతుంది.

తీసేటప్పుడు గీకొద్దు, పైపొరలు లేస్తాయి. దూది రిమూవర్‌తో తడిపి గోటి మీద పది సెకన్లు ఆనించి, కొస వైపుకి ఒక్క లాగు. రిమూవర్, పాలిష్ రెండూ నిప్పంటుకునేవే. వంటగదిలో పొయ్యి పక్కన, దేవుడి గూటిలో దీపం, అగరొత్తులు వెలుగుతున్న దగ్గర కూర్చుని ఈ పని చెయ్యకండి. కిటికీ తెరుచుకుని కూర్చోండి, సీసా పసిపిల్లలకి అందని చోట పెట్టండి. ఇంట్లో ఎవరినైనా ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే ముందురోజే గోళ్ళు శుభ్రం చెయ్యండి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పుకి రంగు అడ్డొచ్చే అవకాశం ఉంది.