పెద్దపేగు క్యాన్సర్ – వంశపారంపర్యం: అపోహలు, వాస్తవాలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో తరచూ వినిపించే మాటలివి.

అపోహ: నాన్నకు వచ్చింది, పిల్లలకు రాక తప్పదు.
వాస్తవం: పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం వంశపారంపర్యం కాదు. లించ్ సిండ్రోమ్ (పెద్దపేగు క్యాన్సర్ ముప్పును పెంచే వంశపారంపర్య స్థితి) ఉన్న ఇంట్లోనైనా జన్యులోపం ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం 50 శాతమే. వచ్చినా క్యాన్సర్ ఖాయమేమీ కాదు. లించ్‌కు కారణమయ్యే జన్యువుల్లో ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 లోపాలతో ముప్పు ఎక్కువ, పీఎంఎస్2తో తక్కువ. దాదాపు ఖాయమనదగ్గది ఏపీసీ జన్యులోపం: టీనేజీ నుంచే పేగులో వందల పాలిప్‌లు (చిన్న కండ మొటిమలు) మొలుస్తాయి.

అపోహ: అంతా మేనరికం వల్లే.
వాస్తవం: లించ్‌కు, ఏపీసీకి మేనరికంతో పనిలేదు, ఒక్కరి నుంచి వచ్చినా చాలు. ఎంయూటీవైహెచ్ అనే మరో జన్యువు లోపం సంగతి వేరు. అది అమ్మ నుంచీ నాన్న నుంచీ రావాలి. మేనమామనో బావనో చేసుకున్నచోట ఇద్దరికీ ఒకే తాత లోపం అంది ఉండవచ్చు. అప్పుడు తల్లిదండ్రులు బాగానే ఉన్నా ఒక్కో బిడ్డకు ఇద్దరి నుంచీ లోపం అందే అవకాశం 25 శాతం.

అపోహ: బాగున్న కొడుక్కి రక్తపరీక్ష చేయిస్తే తేలిపోతుంది.
వాస్తవం: ముందు చేయాల్సింది రోగికి. ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్కను మైనంలో బిగించి 'బ్లాక్'గా దాస్తారు. దానిమీద ఐహెచ్‌సీ (ప్రొటీన్లకు రంగు పట్టించి చూసే) పరీక్షతో, లించ్ జన్యువులు తయారుచేసే నాలుగు ప్రొటీన్లు ఉన్నాయో లేవో చూస్తారు. ఎంఎల్‌హెచ్1 కనిపించనంత మాత్రాన లించ్ అనేయకూడదు. పెద్ద వయసువారిలో గడ్డలోనే మిథైలేషన్ (జన్యువుపై రసాయన గుర్తు పడటం) వల్ల ఆ జన్యువు మూతపడటం మామూలే. అలాంటప్పుడు గడ్డకు బీఆర్ఏఎఫ్ (మరో జన్యువులో మార్పు), మిథైలేషన్ పరీక్షలు అయ్యాకే రోగికి రక్తపరీక్ష. రోగిలో లోపం దొరక్కుండా కొడుక్కి నెగెటివ్ వస్తే, ఆ కాగితాన్ని చూసి ధైర్యపడటానికి లేదు. ఆపరేషన్ బరంపురంలో, కీమో విశాఖలో అయితే బ్లాక్ మొదటిచోటే ఉండిపోతుంది. తర్వాత దాన్ని అడిగి తెప్పించుకోవడానికి డిశ్చార్జి రోజే బయాప్సీ నంబరు రాసుకోండి.

జన్యుపరీక్ష రిపోర్టులో 'వీయూఎస్' అని ఉంటే అర్థం తేలని మార్పు. దాన్ని పట్టుకుని ఎవరికీ పేగు తీయించకండి.

అపోహ: ఇది పేగుల జబ్బే.
వాస్తవం: లించ్‌లో గర్భసంచి క్యాన్సర్ కూడా వస్తుంది. 'అత్తకు గర్భసంచి తీసేశారు' అంటే ఎందుకు తీశారో అడగండి. మన ఇళ్లలో ఆ వివరమే జారిపోతుంది.

అపోహ: మలంలో రక్తం మొలలే.
వాస్తవం: మొలలున్నవారికీ క్యాన్సర్ రావచ్చు.

అపోహ: కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) ఒకసారి బాగుంటే చాలు.
వాస్తవం: ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 లోపం ఉంటే 20–25 ఏళ్ల నుంచి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చేయించాలి. పేగు శుభ్రం కాకపోతే చిన్న పాలిప్‌లు కనబడవు. విరేచనాల మందు సగం ముందురాత్రి, మిగతా సగం పరీక్షకు 4–6 గంటల ముందు తాగాలి. కాబట్టి రాయగడ నుంచి తెల్లవారుజామున రైలెక్కి వెళ్లే పథకం వద్దు, ముందురోజే విశాఖ చేరండి.