ఇనుము ఏ గదిలో ఉంది?

కుప్పం క్వారీల నల్లరాయి ముక్కను పగలగొట్టి చూడండి. లోపల నిగనిగలాడే నలుపు, ఎండావానలు తిన్న అంచున తుప్పురంగు పొర. వ్యాపారులు గ్రానైట్ అంటారు గానీ ఇది డోలరైట్, భూమి పైపెంకు కింద ఉండే మందపాటి రాతి పొర అయిన మాంటిల్ కరిగి పైకి తన్నుకొచ్చిన ద్రవం గడ్డకట్టిన రాయి. లోపలి పైరాక్సీన్ అనే ఖనిజంలో ఎక్కువగా ఉన్నది ఫెర్రస్ ఇనుము, అంటే రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నది. అంచున అది ఇంకో ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఫెర్రిక్ అయింది. గాలి తగిలింది కాబట్టి, అంతే. గాలి చొరబడని లోతుల్లో ఫెర్రిక్‌కు పెద్దగా చోటుండదనే చాలాకాలం అనుకున్నారు.

660 కిలోమీటర్ల కిందికి దిగితే పైరాక్సీన్ నిలవదు. అక్కడ ఉండే సిలికేట్ పెరోవ్‌స్కైట్ అనే ఖనిజాన్ని 1974లో కాన్‌బెర్రాలో లిన్-గున్ ల్యూ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో తయారుచేశారు. భూమి ఘనపరిమాణంలో మూడో వంతుకు పైగా ఇదే. అయినా 2014 దాకా దానికి అధికారికంగా ఖనిజం పేరే లేదు, ఎందుకంటే సహజంగా దొరికిన నమూనా లేనిదే ఖనిజానికి పేరు పెట్టరు. చివరికి 1879లో క్వీన్స్‌లాండ్‌లో పడిన టెన్హమ్ ఉల్కలో దొరికాక బ్రిడ్జ్‌మనైట్ అన్నారు.

ఈ స్ఫటికంలో రెండు రకాల గదులు. ఆరు ఆక్సిజన్ల మధ్య ఇరుకు గది సిలికాన్‌ది, విశాలమైనది మెగ్నీషియంది. ఫెర్రస్ ఇనుము మెగ్నీషియం గదిలో సర్దుకుంటుందన్నది పాత లెక్క. 1997లో కేథరిన్ మెక్కామన్ అనే శాస్త్రవేత్త, గామా కిరణాలతో ఇనుము ఏ స్థితిలో ఉందో పట్టిచ్చే మోస్‌బాయర్ పద్ధతిలో పరీక్షిస్తే, అల్యూమినియం కలిసిన పెరోవ్‌స్కైట్‌లో దాదాపు సగం ఇనుము ఫెర్రిక్‌గా తేలింది. కారణం ఆక్సిజన్ పుష్కలంగా ఉండటం కాదు, విద్యుదావేశాల లెక్క. మెగ్నీషియం రెండు, సిలికాన్ నాలుగు, మొత్తం ఆరు. సిలికాన్ గదిలోకి మూడు ఆవేశాల అల్యూమినియం దూరితే ఒకటి తగ్గుతుంది. పక్క గదిలో ఫెర్రిక్ చేరితే మూడూ మూడూ ఆరు, లెక్క సరి!

మరి ఆ ఎలక్ట్రాన్లు ఎటు పోయాయి? 2004లో డాన్ ఫ్రాస్ట్ బృందం చెప్పిన జవాబు నాకు భలే నచ్చుతుంది: మూడు ఫెర్రస్ పరమాణువుల్లో రెండు ఫెర్రిక్ అవుతాయి, వాటి ఎలక్ట్రాన్లు తీసుకుని మూడోది అచ్చమైన లోహపు ఇనుముగా మిగులుతుంది.

చిక్కు అక్కడితో తీరలేదు. తీవ్రమైన ఒత్తిడిలో ఇనుములోని విడి ఎలక్ట్రాన్లు జతకడతాయని 1960లోనే ఊహించారు. 2003లో జేమ్స్ బాద్రో బృందం దాన్ని ఫెర్రోపెరిక్లేస్ అనే పొరుగు ఖనిజంలో చూపించింది. జతకట్టిన ఇనుము కుదించుకుపోతుంది, రాయి సాంద్రత మారుతుంది. బ్రిడ్జ్‌మనైట్‌లో మాత్రం ఇరుకు గదిలోని ఫెర్రిక్ తేలిగ్గా జతకడుతుంది, విశాలమైన గదిలోది మొండికేస్తుంది. ఎంత ఇనుము ఏ గదిలో ఉందన్నదానిపై ప్రయోగశాలలు నేటికీ ఏకీభవించలేదు. భూకంప తరంగాల వేగాన్ని బట్టి లోతుల్లోని రాతి కూర్పును అంచనా వేసేవారికి ఆ వాటా తెలియాల్సిందే.