“మొదటి నుంచీ అంతే” అనే మాటతో పోయే ఏళ్లు: డిస్థీమియాపై అపోహలు, వాస్తవాలు

అపోహ: “అది జబ్బు కాదండీ, మనిషి తీరే అంత.”

ఓపీలో నేను ఎక్కువగా వినే మాట ఇది. మనుషులకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. డిస్థీమియా, అంటే ఏళ్ల తరబడి వదలని దిగులు జబ్బు, ఉన్నవాళ్లు మంచం పట్టరు. ఆఫీసుకు వెళ్తారు, వంట చేస్తారు, పెళ్లిళ్లలో ఫొటోలకు నవ్వుతారు. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. పెద్దవాళ్లలో కనీసం రెండేళ్లు, పిల్లల్లో ఏడాది పాటు, ఎక్కువ రోజులు దిగులుగానే ఉంటే దాన్ని జబ్బుగానే చూడాలి. దానికి తోడు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత, ఆత్మవిశ్వాసం, రేపటి మీద ఆశ, వీటిలో కనీసం రెండైనా దెబ్బతిని ఉంటాయి. పిల్లల్లో దిగులుకు బదులు చిరాకు కనిపించవచ్చు.

మితభాషి వేరు. ఆయన నలుగురిలో కలవకపోయినా తన పనిలో తను హాయిగా ఉంటాడు. డిస్థీమియాలో ఆ హాయే ఉండదు. చిక్కేమిటంటే, చాలామందికి ఇది టీనేజీలోనే మొదలవుతుంది. అంతకుముందు ఎలా ఉండేవాళ్లో వాళ్లకే గుర్తుండదు. “నేనింతే డాక్టరు గారూ” అనేస్తారు. అందుకే నేను అక్కచెల్లెళ్లనో అన్నదమ్ములనో పిలిపిస్తాను.

ఒకావిడ విషయంలో భర్త “పెళ్లినాటి నుంచీ ఇంతేనండీ, నవ్వదు” అన్నాడు. వాళ్ల అక్క మాత్రం “ఇదా? తొమ్మిదో తరగతి దాకా ఖోఖోలో దీన్ని పట్టుకునేవాళ్లే లేరు” అంది. ఆవిడ ఇన్నేళ్ల తర్వాత నా దగ్గరకు రావడానికి కారణం, పాత దిగులు మీద తీవ్రమైన డిప్రెషన్ వచ్చి పడడం. దీన్ని డబుల్ డిప్రెషన్ అంటాం. చాలామంది ఇది ముదిరాకే వస్తారు. మందులతో, కౌన్సెలింగ్‌తో ఆవిడ కోలుకుంటున్నప్పుడు భర్త మళ్లీ వచ్చి, ఈసారి “ఎదురు మాట్లాడుతోంది” అని ఫిర్యాదు చేశాడు. నాకైతే అంతకన్నా మంచి రిపోర్టు అక్కర్లేదు.

అపోహ: “మందులు అలవాటైపోతాయి.”

దీనికి మేం రాసే సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందులు నిద్రమాత్రలు కావు. అలవాటయ్యేవి అల్ప్రజొలామ్ లాంటివి. పాత చీటీతో వాటిని నెలల తరబడి కొనుక్కునేవాళ్లే నేను రాసిన మాత్రను చూసి భయపడతారు! మొదటి వారం వికారం, తలనొప్పి ఉండొచ్చు. గుణం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. పది రోజులకే “పనిచేయలేదు” అని మానేయకండి. బాగైందని ఒక్కసారిగా ఆపినా కళ్లు తిరగడం, చిరాకు రావచ్చు. అది వ్యసనం కాదు. డోసు మెల్లగా తగ్గించకపోవడం వల్ల వచ్చేది. అయితే ఏళ్ల నాటి జబ్బు కాబట్టి, బాగైన తర్వాత కూడా చాలాకాలం వాడాల్సి రావచ్చు.

“పెళ్లి చేస్తే కుదురుకుంటుంది” అంటారు. కుదురుకోదు, ఇంకో మనిషి జీవితం కూడా చిక్కుల్లో పడుతుంది.

“వాకింగ్, ధ్యానం చాలు.” చేయండి, మంచిదే. చికిత్స మానేసి మాత్రం కాదు.

“అంతా థైరాయిడ్ వల్లే.” కొందరిలో నిజమే. రక్తహీనత, బీ12 లోపం కూడా ఇలాగే కనిపిస్తాయి. పరీక్షలు రాసేది అందుకే. అవి సరిగ్గా ఉన్నా దిగులు ఉందంటే ఏమీ లేదని కాదు.

“సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే ఎర్రగడ్డ అంటారు.” అననివ్వండి. మీ భయం నాకు అర్థమవుతుంది, ముఖ్యంగా సంబంధాలు చూస్తున్న ఇళ్లలో. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఇంట్లో ఒకరికి చెప్పి, వాళ్లను వెంటబెట్టుకుని దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

మామూలుగా చూపించుకోవడానికి వచ్చేవాళ్లు పాత చీటీలన్నీ తీసుకురండి, మానేసిన మందులవి కూడా.