నిద్రలో నాలుక మీద మెదడు పట్టు

నాలుక అనగానే మాట గుర్తొస్తుంది, రుచి గుర్తొస్తుంది. ఊపిరి మాత్రం ఎవరికీ గుర్తు రాదు. కానీ నాలుక రాత్రీపగలూ చేసే అతి ముఖ్యమైన పని గొంతు దారి మూసుకుపోకుండా చూడటమే.

శ్వాసనాళానికి మృదులాస్థి ఉంగరాల ఆసరా ఉంటుంది. దాని పైన, అంగిలి వెనక నుంచి స్వరపేటిక దాకా ఉన్న దారికి అలాంటి ఆసరా లేదు, అంతా మెత్తటి కండరమే. గాలి పీల్చిన ప్రతిసారీ లోపల ఒత్తిడి తగ్గుతుంది, మెత్తని స్ట్రాతో గట్టిగా పీలిస్తే అది అతుక్కుపోయినట్టు ఈ గోడలు కూడా దగ్గరికి రావాలని చూస్తాయి. అలా జరగకుండా ఆపేవాటిలో ముఖ్యమైనది నాలుకలోని జీనియోగ్లాసస్ అనే పెద్ద కండరం. కింది దవడకు, గడ్డం వెనక భాగంలో అతుక్కుని ఉంటుంది. అది బిగుసుకుంటే నాలుక ముందుకొచ్చి వెనక దారి తెరుచుకుంటుంది. దానికొచ్చే సంకేతం ఊపిరి లోపలికి లాగే డయాఫ్రమ్ కంటే కాస్త ముందే బయల్దేరుతుంది, అంటే మెదడు ముందు తలుపు తీసి తర్వాతే గాలి లాగుతోందన్నమాట.

ఈ ఆజ్ఞ వచ్చేది మెదడు కింది భాగమైన మెడుల్లాలోని నాడీకణాల నుంచి, 12వ కపాల నాడి మీదుగా. ఆ కణాలను మూడు విషయాలు కదిలిస్తుంటాయి: ఊపిరి లయ, గొంతులో ఒత్తిడి తగ్గిందని చెప్పే సంకేతాలు, మెలకువ. మూడోదాన్ని మనం పట్టించుకోం గానీ అసలు కథంతా అక్కడే ఉంది. మెలకువగా ఉన్నప్పుడు మెదడులో విడుదలయ్యే నార్‌అడ్రినలిన్, సెరటోనిన్ అనే రసాయనాలు ఈ కణాలను ఎప్పుడూ కాస్త ఉత్సాహంగా ఉంచుతాయి. నిద్ర పట్టగానే ఆ ఊతం తగ్గిపోతుంది, ఒత్తిడికి స్పందించే రిఫ్లెక్స్ కూడా మందగిస్తుంది. కలలెక్కువగా వచ్చే రెమ్ నిద్రలో పట్టు ఇంకా సడలుతుంది. అప్పుడు ఏం జరుగుతుందో టొరంటోలో పరిశోధకుడు రిచర్డ్ హార్నర్ బృందం ఎలుకల మీద పరిశీలించి 2013లో ప్రచురించింది: ఎసిటైల్‌కోలిన్ అనే మరో మెదడు రసాయనం ఈ కణాల్లోని పొటాషియం మార్గాలను తెరిపించి వాటిని దాదాపు నోరెత్తనీయకుండా చేస్తోందట.

గొంతు వెడల్పుగా ఉన్నవాళ్లకు ఇదంతా జరిగినా ఇబ్బంది లేదు. పుట్టుకతోనే దారి ఇరుకైనవాళ్లకు, దవడ చిన్నగా ఉన్నవాళ్లకు, నాలుకలో కొవ్వు చేరినవాళ్లకు పగలు ఏమీ తెలియదు, ఎందుకంటే వాళ్ల మెదడు ఆ ఇరుకును సర్దుకోవడానికి నాలుకను మామూలుకంటే ఎక్కువగా పనిచేయిస్తూ ఉంటుంది. నిద్ర ఆ అదనపు సాయాన్ని లాగేసుకుంటుంది. దారి ఇరుకైతే గురక, పూర్తిగా మూసుకుపోతే ఊపిరి ఆగడం. రక్తంలో ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరిగి, మెదడు ఉలిక్కిపడి, కొన్ని సెకన్లు మేలుకుని నాలుకను మళ్లీ ముందుకు లాగుతుంది. పొద్దున్నే అదేదీ గుర్తుండదు, నిద్రమత్తు మాత్రం మిగులుతుంది. పది సెకన్లు, అంతకుమించి ఊపిరి ఆగడాన్ని అప్నియా అంటారు. ఊపిరి ఆగడం, బాగా తగ్గడం రెండూ కలిపి గంటకు 30 సార్లు దాటితే తీవ్రమైన జబ్బే. అందుకే పెద్ద గురక వింటే "హాయిగా నిద్రపోతున్నాడు" అనుకోవడం నాకు నచ్చదు. మధ్యమధ్యలో గురక ఆగి, గుక్క తిప్పుకోలేనట్టు ఒక్కసారి లేస్తుంటే తప్పకుండా డాక్టరుకు చూపించాలి, అది విన్న పక్కవాళ్లే చెప్పాలి, పడుకున్న మనిషికి తెలిసే వీల్లేదు కదా.

పడుకునేముందు మద్యం తాగితే ఈ కండరం ఇంకా వదులవుతుంది. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది, పక్కకు తిరిగితే చాలామందికి తేలిక. సిడ్నీలో కాలిన్ సలివన్ 1981లో ముక్కు మాస్కు ద్వారా గాలి ఒత్తిడి పంపి దారి తెరిచి ఉంచవచ్చని చూపించారు, నేటికీ అదే ప్రధాన చికిత్స, సీప్యాప్. మాస్కు పడనివాళ్లలో కొందరికి ఛాతీ చర్మం కింద చిన్న పరికరం అమర్చి, ఊపిరి తీసుకునేటప్పుడు 12వ నాడికి విద్యుత్ సంకేతం పంపిస్తున్నారు. అమెరికాలో దానికి 2014లో అనుమతి వచ్చింది.

నన్ను ఎక్కువ ఆకట్టుకునేది మందుల దారి. నార్‌అడ్రినలిన్‌ను పెంచే అటోమాక్సెటిన్, ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే ఆక్సీబ్యుటినిన్ కలిపి పడుకునేముందు ఇస్తే ఊపిరి ఆగే సంఖ్య సగానికి పైగా తగ్గిందని 2019లో ఒక చిన్న అధ్యయనం చూపింది. అది ఒక్క రాత్రి ప్రయోగమే, సొంతంగా వేసుకునే మందులు కావు. అయినా నిద్ర తీసేసిన రసాయన ఊతాన్ని నిద్రలోనే తిరిగివ్వవచ్చనే ఆలోచన అక్కడ పనిచేసింది.