మంచం వేపకు తూర్పున వేయండి

అనంతపురం నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. తాతగారి నాటి ఇల్లు, చుట్టూ అరెకరం దొడ్డి. మూడు వేపలు, ఒక చింత, రెండు మామిడి చెట్లు. అన్నదమ్ముల పిల్లలందరూ సెలవులకు అక్కడికే చేరుతున్నారు కాబట్టి వాళ్లు ఆడుకునే చోటు, పెద్దలకు కూర్చునే చోటు, నాలుగు కూరగాయల మళ్లు కావాలి. మిగిలినదంతా కడప బండలు పరిపిస్తారట. వాస్తు చూసినాయన ఉత్తరపు వేపను తీసేయమన్నాడట. 'ఏ చెట్లు కొట్టించమంటారు?'

మట్టి, ఎరువు సంగతులు నర్సరీవాళ్లు చెబుతారు. నేను అడిగేది ఒక్కటే: మే నెలలో సాయంత్రం నాలుగింటికి ఆ వేపల నీడ ఎక్కడ పడుతోంది? ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఊళ్లో అంతటి నీడ మళ్లీ పెరగాలంటే ఒక తరం పడుతుంది.

మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడని బడిలో పిల్లల చేత వల్లె వేయిస్తాం. అనంతపురంలో ఆ మాట నిజమయ్యేది ఏడాదికి రెండుసార్లే, ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఇంకోసారి. అదీ పన్నెండుకు కాదు. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి, ఊరేమో 77.6 దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సుమారు 20 నిమిషాల ఆలస్యం. ఊరి అక్షాంశం 14.7 డిగ్రీలు కాబట్టి డిసెంబరు మధ్యాహ్నం 10 మీటర్ల చెట్టు నీడ ఉత్తరంగా దాదాపు 8 మీటర్లు పోతుంది. జూన్‌లో అదే నీడ దక్షిణానికి తిరిగి ఒకటిన్నర మీటరుకు కుంచించుకుపోతుంది.

అసలు విశేషం సాయంత్రాలది. మే మూడో వారంలో అదే చెట్టు నీడ మూడింటికి 8 మీటర్లు, నాలుగింటికి 13 దాటి, అయిదింటికి 24 దాకా సాగుతుంది. పడేది తూర్పుకు, కాస్త దక్షిణం వైపుగా. ఇప్పుడు ఆ వేపకు 4 మీటర్ల ఎత్తు దాకా కొమ్మలు లేవనుకోండి. అయిదింటికి సూర్యుడు 22 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. కిరణాలు కొమ్మల కింది నుంచి దూరి, మొదట్లో కూర్చున్నవారి ముఖానే కొడతాయి. నీడ అప్పటికే దూరం జరిగిపోయింది. చెట్టు మొదలు చుట్టూ గుండ్రంగా సిమెంటు అరుగు కట్టించి, సాయంత్రం అక్కడ ఎవరూ కూర్చోరెందుకో అని ఆశ్చర్యపోయే ఇళ్లు ఎన్నో!

లెక్కలు వద్దనుకుంటే మీటరు కర్ర ఒకటి నిటారుగా పాతండి. గంటకోసారి నీడ కొసన ముగ్గుపిండి చుక్క పెట్టమని పిల్లలకు చెప్పండి. చెట్టు ఎత్తు ఎన్ని మీటర్లైతే కర్ర నీడను అన్ని రెట్లు చేస్తే సరి. త్రికోణమితి పాఠానికి ఇంతకన్నా మంచి నల్లబల్ల నాకు తెలియదు.

బండల విషయానికి వద్దాం. నల్లటి కడప బండ ఎండను బాగా పీల్చుకుంటుంది. ఒక వస్తువు వెదజల్లే ఉష్ణ వికిరణం దాని పరమ ఉష్ణోగ్రత (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే వచ్చేది) నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 60 డిగ్రీలకు కాగిన బండ, 35 డిగ్రీల దగ్గరున్న నేలకంటే మూడో వంతుకు పైగా ఎక్కువ వేడిని మీ కాళ్ల మీదికి పంపుతుంది, పొద్దు వాలాక కూడా. పరచక తప్పదంటే నీడ త్వరగా చేరే చోటే పరచండి. ఇసుక మీద, సందులు వదిలి, సిమెంటు లేకుండా. ఎందుకంటే చెట్టు ఊపిరి తీసుకునే సన్నవేళ్లలో ఎక్కువ భాగం పై అరమీటరు మట్టిలోనే ఉంటాయి. అవి కొమ్మల అంచు దాటి కూడా పోతాయి.

రాత్రికి లెక్క తలకిందులవుతుంది. చింత కింద దెయ్యాలుంటాయని పెద్దలు భయపెట్టేవారు. తరవాత మాస్టర్లు దెయ్యాన్ని దింపి ఆ కొమ్మ మీద కార్బన్ డయాక్సైడును కూర్చోబెట్టారు, రాత్రి చెట్టు దాన్ని వదులుతుంది, కింద పడుకోవద్దని. ఇదీ నిలిచే మాట కాదు. ఆరుబయట గాలిలో అది చెదిరిపోతుంది. పక్క మంచం మీద నిద్రపోయే మనిషీ దాన్నే వదులుతున్నాడు కదా. అయినా చెట్టు కింద ఉక్కగా ఉండే మాట నిజమే. మబ్బులేని రాత్రి నేల, ఒళ్లు తమ వేడిని ఆకాశానికి వదిలేస్తాయి. దట్టమైన కొమ్మలు అడ్డుపడి ఆ వేడిలో చాలా భాగాన్ని తిప్పి పంపుతాయి. గాలి కూడా మందగిస్తుంది.

కాబట్టి పడమటి వేపకు తూర్పున, కొమ్మల అంచు దాటిన చోటే ఈ దొడ్డిలో అన్నిటికన్నా విలువైన జాగా. మూడు, నాలుగు గంటల నుంచి నేల చల్లబడుతుంది, రాత్రికి పైన ఆకాశం తెరిచే ఉంటుంది. పిల్లల ఆటలూ పెద్దల మంచాలూ అక్కడే. ఉయ్యాల చింతకొమ్మకు కట్టండి. ఎప్పుడైనా మునగ నాటినా దాని జోలికి పోకండి, పుటుక్కున విరుగుతుంది. కూరగాయల మళ్లు చెట్లకు దక్షిణాన ఉంటే చలికాలపు నీడ వాటి మీద పడదు.

ఉత్తరపు వేప ఉండాలి. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నపు ఎండ ఏటవాలుగా తగిలేది ఉత్తరపు గోడకే, దానికి అడ్డం నిలిచేది ఆ వేప ఒక్కటే. దక్షిణ, పడమరల్లో పెద్ద చెట్లు ఉండవచ్చనే వాస్తు మాటతో సాయంకాలపు సూర్యుడికి పేచీ లేదు గానీ, ఉత్తరాన వేప ఉన్నందుకు గోడకు వచ్చిన నష్టమేమిటో ఆ వాస్తు చూసినాయనే చెప్పాలి. ఏదో ఒకటి తగ్గించక తప్పదంటే తూర్పు మామిడి కొమ్మలు కొన్ని కత్తిరించండి. ఉదయపు ఎండ వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు, వడియాలూ మిరపకాయలూ ఎండుతాయి.