గుడారంలో ఆడపిల్లలకు చోటుందా? ఒక పాత సీరియల్ వెనుక వందేళ్ల కథ

1969 నవంబర్ 14, శుక్రవారం. ఆ రోజే అపోలో 12 చంద్రుడి వైపు బయలుదేరింది. రాత్రికి అమెరికన్ టీవీలో ‘ది బ్రాడీ బంచ్’ అనే సీరియల్‌లోని కుటుంబం గుడారాలు సర్దుకుని అడవికి బయలుదేరింది. తండ్రి మైక్, అతని మొదటి పెళ్లి వల్ల కలిగిన ముగ్గురు కొడుకులు, అతను మళ్లీ పెళ్లి చేసుకున్న కరోల్, ఆమె మొదటి పెళ్లి వల్ల కలిగిన ముగ్గురు కూతుళ్లు, వంటమనిషి ఆలిస్, మొత్తం తొమ్మిది మంది. మగపిల్లలకు క్యాంపింగ్ ప్రాణం, కానీ ఆడపిల్లలు వెంట రావడం వాళ్లకు సుతరామూ ఇష్టం లేదు. ఆడపిల్లలకు అడవంటేనే గిట్టదు.

రాత్రి భోజనానికి చేపలు పట్టి తెస్తామని మగవాళ్లు గాలాలు తీసుకుని వెళ్తారు. ఒక్క చేపా పడదు. ఉత్త చేతులతో తిరిగి వచ్చేసరికి కరోల్ ఇంటి నుంచి వండి తెచ్చిన భోజనం పరుస్తుంది. పిల్లల మొహాలు మాడిపోతాయి, ఎందుకంటే వాళ్ల లెక్కలో ఇంటి తిండి తింటే అది క్యాంపింగ్ కాదు. ప్రయాణమంటే పులిహోర, పెరుగన్నం పొట్లాలు కట్టే తల్లుల చేతిలో పెరిగిన మనకు మాత్రం కరోల్ మీద కోపం రాదు. రాత్రి చీకట్లో భయాలు, కూలిపోయే గుడారం, చివరికి అందరి నవ్వులు. అరగంటలో కథ అయిపోతుంది.

ఈ చిన్న కథకు ఆ సీరియల్‌లో పెద్ద పని ఉంది. 1966లో లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో వచ్చిన ఒక చిన్న వార్త రచయిత షేర్వుడ్ ష్వార్ట్జ్ కంటపడింది. పెళ్లి చేసుకుంటున్నవారిలో చాలామందికి అంతకు ముందు పెళ్లి వల్ల కలిగిన పిల్లలున్నారన్నది ఆ వార్త సారాంశం. అప్పటి టీవీ కుటుంబాల్లో అలాంటి ఇల్లు కనిపించేది కాదు. ఆ ఆలోచనతో ఆయన రాసిన సీరియల్ 1969 సెప్టెంబర్‌లో మొదలై 117 ఎపిసోడ్లు నడిచింది. కరోల్‌ను విడాకులు తీసుకున్న స్త్రీగా చూపాలని ఆయన అనుకున్నారు, చానల్ ఒప్పుకోలేదు. దాంతో ఆమె మొదటి భర్త ఏమయ్యాడో సీరియల్ చివరి వరకూ చెప్పనే లేదు. ఇంట్లో మగపిల్లలకో గది, ఆడపిల్లలకో గది ఉంటే రెండు జట్లు ఎవరి తలుపు వారు వేసుకుని బతికేయవచ్చు. గుడారంలో వేసుకోవడానికి తలుపు లేదు. రెండు కుటుంబాలు ఒకటయ్యాయా లేదా అన్నది తేలాలంటే వాళ్లను అడవికి పంపాల్సిందే. ఎనిమిదో ఎపిసోడ్‌కే ష్వార్ట్జ్ బృందం ఆ పని చేసింది.

అయితే ఆడవాళ్లకు అడవి పడదన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? టీవీలో అది అప్పటికే పాత సరుకు. 1953లోనే ‘ఐ లవ్ లూసీ’లో లూసీ భర్తతో క్యాంపింగ్‌కు వస్తానని పట్టుబడుతుంది, ఆమెకు ఆ సరదా తీరిపోయేలా చేయాలని భర్త పథకం వేస్తాడు. అసలు చరిత్ర చూస్తే కథ వేరేగా ఉంది. అమెరికాలో సరదా కోసం క్యాంపింగ్‌కు వెళ్లే మోజును రగిలించినవాడు విలియం ముర్రే అనే బోస్టన్ చర్చి పాస్టరు. బ్రాడీల ప్రయాణానికి సరిగ్గా వందేళ్ల ముందు, 1869 వసంతంలో, న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ అడవుల మీద ఆయన పుస్తకం వచ్చింది. ఆ వేసవిలో పట్టణాల జనం విరగబడి ఆ అడవుల మీద పడ్డారు. వాన, నల్ల ఈగలు, చాలని బసలు వాళ్లను హడలెత్తించాయి. పత్రికలు వాళ్లకు ‘ముర్రే మూర్ఖులు’ అని పేరు పెట్టాయి. ఆ పుస్తకంలో ఆయన ఆడవాళ్లను కూడా రమ్మన్నాడు. ఏం తెచ్చుకోవాలో జాబితా కూడా ఇచ్చాడు: ఈగలు కుట్టకుండా ముఖానికి పలుచని వల, చేతులకు తొడుగులు, ఫెల్టు టోపీ, గట్టి బూట్లు, నడవడానికి అనువైన పొట్టి గౌను. తర్వాత 1910లో క్యాంప్ ఫైర్ గర్ల్స్, 1912లో గర్ల్ స్కౌట్స్ పుట్టాయి. బ్రాడీ ఆడపిల్లల అమ్మమ్మల తరంలోనే అమెరికన్ అమ్మాయిలు నెగడు చుట్టూ కూర్చున్నారు. ఆ జ్ఞాపకాన్ని టీవీ పక్కన పెట్టేసింది. నాకు బాధ కలిగించేది అదే.

గుడారం వేసిన ఆ నేల సంగతీ చెప్పుకోవాలి. 1920లలో కార్లు చవకయ్యాక జనం అడవిలో ఎక్కడ పడితే అక్కడికి కారు తోలి, అక్కడే గుడారం వేసేవారు. చెట్ల జబ్బుల నిపుణుడు ఎమీలియో మైనెకి కాలిఫోర్నియా రెడ్‌వుడ్ చెట్ల కింద పరిశీలించి ఒక విషయం గమనించాడు. చక్రాలు, పాదాలు తొక్కి తొక్కి మట్టి గట్టిపడుతోంది, వేళ్లకు గాలీ నీరూ అందడం లేదు. మహావృక్షాలను వాటి మీద ప్రేమతో వచ్చినవాళ్లే చంపుతున్నారు. 1932లో ఆయన ఒక పద్ధతి సూచించాడు. ఒకే వైపు సాగే వలయపు దారి, దాని పక్కన వాలుగా ఒక్కో కారు నిలిపే చోటు, కారు ముందుకు పోకుండా అడ్డంగా దుంగలో బండరాళ్లో. ఒక్కో కుటుంబానికి కదలని బల్ల, కదలని పొయ్యి, గుడారానికి గుర్తించిన జాగా, పక్కవాళ్లకు కనబడకుండా మధ్యలో పొదలు. ఒక్క మాటలో చెప్పాలంటే అడవిలో కుటుంబానికో వాటా. మహామాంద్యం నాటి నిరుద్యోగ యువకుల దళం దేశమంతా ఇలాంటి స్థలాలు కట్టింది. నేటికీ అమెరికా పార్కుల్లో క్యాంపు స్థలాల స్వరూపం చాలావరకు అదే. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకు అక్కడికి వెళ్లే మన తెలుగు కుటుంబాలు కారు నిలిపేది మైనెకి గీసిన ఆ వాలు గీతల్లోనే.

ఆ పైన 1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చింది. అదే ఏడాది పార్కులను బాగుచేసే పదేళ్ల ‘మిషన్ 66’ మొదలైంది. 1966 నాటికి ఏడాదికి 8 కోట్ల సందర్శనలు ఉంటాయని అధికారులు వేసిన అంచనా తప్పింది, సంఖ్య 12 కోట్లు దాటిపోయింది. బ్రాడీల స్టేషన్ వ్యాగన్ ఆ రద్దీలో ఒకటి.

అడవిలోని ఆ కుటుంబ వాటాలు అందరివీ కావు. వర్జీనియాలోని షెనండోవా జాతీయ పార్కులో నల్లవారి కోసం 1939లో లూయిస్ మౌంటెన్ అనే చోటును వేరుగా తెరిచారు. ఆ పార్కులో ఈ విభజన పూర్తిగా తొలగేసరికి 1950 వచ్చింది. దారిలో ఏ హోటల్ తమను రానిస్తుందో చూసుకోవడానికి నల్లజాతి కుటుంబాలు కారులో ‘గ్రీన్ బుక్’ పెట్టుకుని ప్రయాణించాల్సి వచ్చింది. ఆ పుస్తకం ముద్రణ ఆగిన కొద్దికాలానికే బ్రాడీలు తెర మీదికి వచ్చారు. గుడారం కూలడమే పెద్ద ఆపద అనుకోగలగడం ఆనాడు అందరికీ దక్కిన భాగ్యం కాదు.

సీరియల్ మాత్రం కాలంతో పాటు కొంత కదిలింది. 1970 ఆగస్టు 26న సమానత్వం కోసం అమెరికన్ స్త్రీలు వేల సంఖ్యలో వీధుల్లోకి వచ్చారు. 1971 ఫిబ్రవరిలో పెద్ద కూతురు మార్షా, అన్న గ్రెగ్ ఉన్న మగపిల్లల స్కౌట్ దళంలో చేరడానికి అడవి పరీక్షకు నిలబడి నెగ్గింది. నెగ్గాక చేరడం తనకు ఇష్టం లేదంది. ఆ ముగింపు నాకు నచ్చదు, రచయితలు గుమ్మం దాకా తెచ్చి తలుపు వేసేశారనిపిస్తుంది. నిజ జీవితంలో బాయ్ స్కౌట్స్ ప్రధాన విభాగం అమ్మాయిలకు తెరుచుకున్నది 2019లో.

1971 సెప్టెంబర్‌లో సీరియల్ మూడో సీజన్ మూడు భాగాల గ్రాండ్ కెన్యన్ యాత్రతో మొదలైంది. చిత్రీకరణ నిజంగా అక్కడే జరిగింది, కుటుంబం కంచర గాడిదల మీద లోయలోకి దిగుతుంది. తప్పిపోయిన చిన్నపిల్లలు బాబీ, సిండీలకు జిమ్మీ అనే ఆదివాసీ బాలుడు ఎదురవుతాడు. తనకు వ్యోమగామి కావాలని ఉందని తాతకు చెప్పడానికి భయపడి పారిపోయి వచ్చినవాడు. తాతగా నటించిన జే సిల్వర్‌హీల్స్ స్వయంగా మోహాక్ తెగవాడు. 1960లలో ఆదివాసీ నటులకు శిక్షణనిచ్చే వర్క్‌షాప్ పెట్టినవారిలో ఆయన ముఖ్యుడు. చివరికి తాత బ్రాడీలందరికీ తమ తెగ పేర్లు పెట్టి దీవిస్తాడు.

తెర మీద అతిథులకు పేర్లు పెట్టి ఆదరిస్తున్న ఆ నాటికి, అదే లోయలో తరతరాలుగా బతుకుతున్న హవసుపాయి తెగకు మిగిలింది 518 ఎకరాలు. 1882లో ప్రభుత్వం వాళ్లను ఆ కొద్దిపాటి నేలకు కుదించింది. కంచర గాడిదలు దిగే బ్రైట్ ఏంజెల్ దారి మధ్యలో, ఊట నీటితో పచ్చగా ఉండే చోట వాళ్లు పంటలు పండించుకునేవారు. 1928 నాటికి పార్కు యంత్రాంగం అక్కడ మిగిలిన చివరివారిని కూడా వెళ్లగొట్టింది. ఆ తర్వాత ఆ చోటు కొండ దిగేవాళ్లు గుడారాలు వేసుకునే క్యాంపు స్థలమైంది. దశాబ్దాల పోరాటం తర్వాత 1975 జనవరిలో 1,85,000 ఎకరాలు తెగకు తిరిగి వచ్చాయి. ఊట ఉన్న ఆ చోటు మాత్రం పార్కులోనే ఉండిపోయింది. ‘ఇండియన్ గార్డెన్’ అని పిలుస్తూ వచ్చిన దాని పేరును తెగ కోరిక మీద 2022 నవంబర్‌లో ‘హవసుపాయి గార్డెన్స్’ అని మార్చారు.